హారతి పట్టిన మరచెయ్యి

సతేంద్ర సన్యాసికి ఇంటిపేరు లేదు. ఉన్నది ముత్తాత పేరు. ఆ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి గిర్మిట్ అనే కూలి ఒప్పందపు కాగితం మీద వేలిముద్ర వేసి ఫిజీకి ఓడెక్కినప్పుడు గుమాస్తా ఊరడిగాడు, కులమడిగాడు, తండ్రి పేరడిగాడు. ఇంటిపేరు అడగాలని తోచలేదు. దాంతో సన్యాసి కొడుకులూ మనవలూ అందరూ సన్యాసులే అయ్యారు. "పెళ్ళాం పిల్లలున్న సన్యాసులం లోకం మొత్తంలో మనమే," అని తండ్రి అప్పలస్వామి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పి నవ్వేవాడు. కొడుక్కి ఆ నవ్వు గిట్టేది కాదు. పోగొట్టుకున్నదాని మీద జోకులేసుకోవడం మనవాళ్ళకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య అని అతని ఉద్దేశం.

పోగొట్టుకున్నవి ఇంకా ఉన్నాయి. ఉత్తరపు దీవిలో, లబాసా దగ్గరి వాయినికోరోలో మూడు తరాలుగా చెరకు వేసిన నేల, సతేంద్రకు నాలుగేళ్ళప్పుడు లీజు ముగిసి ఫిజీ మూలవాసులైన అసలు సొంతదారులకు వెళ్ళిపోయింది. అప్పలస్వామి మంచాలూ బిందెలూ పడవకెక్కించి ఈ దీవికొచ్చి, లౌటోకా పక్కన నటబువాలో రెండు గదుల రేకుల ఇల్లు కట్టాడు. అక్కడే సతేంద్ర పెరిగాడు. పాత సామాన్ల కొట్లో పడేసిన ప్రింటర్లు విప్పి మోటార్లు పీకేవాడు. లైబ్రరీవాళ్ళు తీసిపారేసిన అట్టల్లేని పుస్తకాలు తెచ్చుకుని చదివేవాడు. ఎవరూ నేర్పింది లేదు. నేర్పేవాళ్ళు లేరన్న కసి ఒకటి, అయినా వచ్చిందన్న పొగరు ఒకటి, రెండూ కలిసి అతని ముఖాన ఎప్పుడూ ఉండేవి.

రాజధాని సువాలో యూనివర్సిటీలో చేరి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రధానంగా తీసుకున్నాడు. రెండో ఏడు చివర, దాని పక్కన రోబోటిక్స్ మైనరు కూడా చేస్తానని అర్జీ పెట్టాడు. మైనరంటే పెద్ద చదువు చెయ్యి పట్టుకుని నడిచే చిన్న చదువు. అదనంగా నాలుగు కోర్సులు, ఆపైన నిజంగా రోబో పనిచేసే చోట ఎనిమిది వారాల శిక్షణ, ఏ రోజుకారోజు రాసిన లాగ్‌బుక్కు, దాని చివర అక్కడి మేనేజరు సంతకం. ఆ సంతకం పడితేనే పట్టా కాగితం మీద రోబోటిక్స్ అన్న మాట పడుతుంది. ఆ మాట ఉన్నవాడికే డిపార్ట్‌మెంటు లాబ్‌లో ఉన్న ఒకే ఒక్క ట్రైనీ ఉద్యోగం.

"ఫిజీలో రోబో ఎక్కడుంది భయ్యా?" అని హాస్టలు స్నేహితులు ఏడిపించేవాళ్ళు. "కొబ్బరికాయలు దింపుతుందా, చెరకు నరుకుతుందా?"

సతేంద్ర బదులు చెప్పేవాడు కాదు. పడమటి వైపు మొత్తానికి ఆ ఏడు శిక్షణకు ఒప్పుకున్న చోటు ఒకటే దొరికింది. లౌటోకా శివార్లలో నీళ్ళ సీసాలు నింపే ఫ్యాక్టరీ. 2018 నవంబరులో, చెరకు మిల్లు పొగ సన్నబడి తుపాన్ల కాలం మొదలయ్యే రోజుల్లో, అతను అక్కడ అడుగుపెట్టాడు.

అక్కడ సీసాల పెట్టెలు బల్ల మీద బారుగా వస్తాయి. మనిషికి రెండింతల ఎత్తున్న ఇనపచెయ్యి ఒకటి వంగి, రెండు పలకల మధ్య పెట్టెను పట్టి, గిర్రున తిరిగి, చెక్క పీట మీద పేరుస్తుంది. విదేశం నుంచి వచ్చిన సాంకేతికుడు దాన్ని బిగించి, మూడు రోజులు చూపించి, విమానమెక్కాడు. చుట్టూ ఇనప కంచె. పెట్టెలు వచ్చే వైపు మాత్రం కంచె ఉండదు, రెండు స్తంభాలుంటాయి. వాటి మధ్య కంటికి కనపడని వెలుగు తెర. పెట్టె వెళ్తే ఏమీ కాదు, మనిషి దాన్ని దాటితే మాత్రం చెయ్యి ఎక్కడున్నది అక్కడే ఆగుతుంది. ఆ తెరను కాసేపు మూసిపెట్టడానికి కంట్రోలు పెట్టె మీద ఒక తాళం ఉంది. తాళం తిప్పితే స్తంభాలు గుడ్డివైపోతాయి. అది మరమ్మతుకు మాత్రమేనని సాంకేతికుడు మూడుసార్లు చెప్పి వెళ్ళాడు.

దాని దగ్గర డ్యూటీ బాలయ్యది. అరవై దాటిన మనిషి, సన్నగా, వెదురుబొంగులా ఉంటాడు. లబాసా వైపు నుంచే వచ్చినవాడు, అప్పలస్వామికి పాత పొరుగువాడు. గుడిలో తెలుగు భజన ఎత్తుకునే నలుగురిలో ఒకడు. ఫ్యాక్టరీ కొత్త లారీ కొన్నా, పాత పంపు బాగుచేయించినా కొబ్బరికాయ కొట్టేది ఆయనే.

"ఏమి బాబూ, ఈ మిషన్ కోసం ఎన్ని ఏండ్లు చదువు?" అని మొదటిరోజే అడిగాడు.

"నాలుగు, మామా."

"నేను నాలుగు దినాల్లో నేర్చుకున్నా. ఎర్రది వస్తే ఆగు, పచ్చది వస్తే పో. మిగతా మూడేండ్ల పదకొండు నెలలు ఏం చేస్తావు అక్కడ?"

లైన్లో ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. రోబోకు పేరు పెట్టింది కూడా బాలయ్యే: అల్లుడు. కొత్తగా వచ్చాడు, అందరూ చుట్టూ తిరిగి సేవ చెయ్యాలి, తప్పు చేస్తే ఎవరూ ఒక్క మాటనరు. తెలుగు రానివాళ్ళు హిందీలో 'దామాద్' అనేవాళ్ళు.

పూజ సంగతి అలా వచ్చింది. లారీకి కొట్టిన కొబ్బరికాయ అల్లుడికి కొట్టకపోతే ఎలా అన్నాడు బాలయ్య. మేనేజరు రామ్ లాల్ విని కళ్ళు మెరిపించాడు. చొక్కా నలగని మనిషి, ఎప్పుడూ తొందరలో ఉన్నట్టు తాళాల గుత్తి వేలికి తిప్పుతూ ఉంటాడు. హిందీలో సతేంద్రతో అన్నాడు:

"అరే సతేన్, నువ్వు చదువుకున్నవాడివి కదా. హారతి ముసలాయన ఇవ్వడమేంటి, మిషనే ఇస్తే? వీడియో తీద్దాం. ఊరంతా చూస్తుంది."

సతేంద్ర రెండు రోజులు కూర్చుని రాశాడు. హారతి గరిటె పిడికి చెక్క బిగించి, పలకల మధ్య జారకుండా చూశాడు. చెయ్యి ఎంత ఎత్తు లేవాలి, ఎంత మెల్లగా తిరగాలి, మంట ఆరకుండా ఎక్కడ వంగాలి, అన్నీ లెక్కకట్టాడు. శుక్రవారం పొద్దున అమ్మవారి పటం ముందు బాలయ్య కర్పూరం వెలిగించి గరిటెను తన చేత్తో పలకల మధ్య పెట్టాడు. అంత దగ్గరకు మనిషి వెళ్ళాలంటే తెర మూసిపెట్టాలి. తాళం తిప్పింది సతేంద్రే. చెయ్యి ఉస్సుమని ఊపిరి వదిలి గరిటెను పట్టింది; మూడుసార్లు చుట్టూ తిప్పింది; చివర పటం ముందు తల వంచినట్టు వంగి ఆగింది. బాలయ్య కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఆడవాళ్ళు చేతులు జోడించారు. వీడియో సాయంత్రానికి సువా దాకా వెళ్ళింది. 'మన మైనరు విద్యార్థి' అని ప్రొఫెసరు కింద రాశాడు. హాస్టలు స్నేహితులు నోళ్ళు మూసుకున్నారు. అతని జీవితంలో అంత మంచి రోజు అంతకుముందు లేదు.

సోమవారం ఒక పెట్టె జారి కింద పడింది. అలా పడ్డప్పుడు కంచెకున్న గేటు తియ్యాలి, చెయ్యి ఆగుతుంది, పెట్టె తీసి, గేటు వేసి, చెయ్యిని మళ్ళీ మొదటి చోటుకు తెచ్చి నడిపేసరికి పదకొండు నిమిషాలు. ఆ రోజు బాలయ్య గేటు జోలికి పోలేదు. చెయ్యి అటు తిరిగిన క్షణంలో స్తంభాల మధ్యనుంచి లోపలికి దూరి, పెట్టె తీసుకుని, అది ఇటు తిరిగేలోపు బయటికొచ్చేశాడు. చెయ్యి ఆగలేదు. తెర ఇంకా మూసే ఉంది. శుక్రవారం నలుగురూ మెచ్చుకుంటుంటే సతేంద్ర తాళం వెనక్కి తిప్పడం మరిచిపోయాడు.

అతను పరుగున వెళ్ళేసరికి రామ్ లాల్ అక్కడ ఉన్నాడు. చూశాడు. గడియారం కూడా చూసుకున్నాడు.

"బాలయ్యా, నువ్వు సర్కస్‌లో ఉండాల్సినవాడివి," అని నవ్వి, తెర తెరవకుండానే తాళంచెవి కంట్రోలు పెట్టెలోంచి లాగి తన గుత్తికి తగిలించుకున్నాడు.

"సర్, అది మరమ్మతుకే," అన్నాడు సతేంద్ర. "మనిషి లోపలుంటే దానికి తెలియదు. ఆ బరువుకి ఎముక మిగలదు."

"ఎనిమిది వారాలకు వచ్చినవాడివి, ఎనిమిది వారాలు నేర్చుకో. నీ లాగ్‌బుక్కు నా టేబులు మీదే ఉంది కదా?"

"ఉంది సర్."

"మంచిది."

ఇక అప్పటినుంచి ఏ పెట్టె పడ్డా బాలయ్యే లోపలికి దూరేవాడు. రోజుకు పది, పన్నెండు సార్లు. ఎండ రోజురోజుకూ ముదిరింది. రేకుల కింద గాలి కదిలేది కాదు. దూరంగా సముద్రం మీద మబ్బు గోడలా లేచి, కురవకుండా అలాగే నిలబడేది. సతేంద్రకు సీసాల గలగల వినపడేది కాదు. ఇనపచెయ్యి తిరిగే చప్పుడొక్కటే వినపడేది. ఉస్సు, గిర్రు, దబ్బు. ఆ మూడింటి మధ్య బాలయ్య రబ్బరు చెప్పుల టపటప. చెప్పుల చప్పుడు బయటికొచ్చేదాకా అతను ఊపిరి బిగబట్టేవాడు. లాగ్‌బుక్కులో 'భద్రతా లోపాలు' అని ఒక గడి ఉంది. అందులో ప్రతిరోజూ 'ఏమీ లేవు' అని రాసేవాడు. రాసిన అక్షరాలు తనవే అయినా ఎవరో చెయ్యి పట్టుకుని రాయిస్తున్నట్టుండేది.

మూడోవారం చెయ్యి బాలయ్య తలను రాసుకుంటూ పోయి టోపీని ఎగరగొట్టింది. లైనంతా స్తంభించింది. బాలయ్య తల తడుముకుని, బోసినోటితో నవ్వాడు. "అల్లుడికి టోపీ నచ్చింది. పండక్కి కొత్తది పెట్టాలి!"

ఆ సాయంత్రం సతేంద్ర ఆయన ఇంటికి వెళ్ళాడు. వరండాలో చాప మీద యంగోనా గిన్నె, వేరు దంచి కలిపిన మత్తు నీళ్ళతో. బాలయ్య కొబ్బరిచిప్పతో ముంచి ఇచ్చాడు. సతేంద్ర ఆనవాయితీ ప్రకారం చప్పట్లు కొట్టి తాగాడు, నాలుక మొద్దుబారింది. కోడలు కౌశల్య గుమ్మంలో కూర్చుని బెండకాయలు తరుగుతోంది. కుట్టుపని ఫ్యాక్టరీ మూతపడి ఆమెకు పని పోయి నెలైంది. మొగుడు దూరపు దీవిలో హోటల్లో పనిచేస్తాడు.

"మామా, నువ్వు లోపలికి పోవద్దు," అన్నాడు సతేంద్ర.

"నాకు ఏం అవదు బాబూ. నా చేతి హారతి తీసుకున్నాడు వాడు. నన్ను ఎరుగుతాడు."

"ఎరగదు! ఆ హారతి నేను రాసింది. నూట పన్నెండు లైన్లు. దానికి అమ్మవారూ తెలియదు, నువ్వూ తెలియదు. రేపు అక్కడ మేకను నిలబెట్టినా అంతే."

బాలయ్య చిప్ప కడిగి బోర్లించాడు. "మంత్రం కూడా ఎవరో రాసిందే కదా. రాసినాయనకు తెలుసా ఎవరికి పని చేస్తుందో? వాడి పని రాయడం. మిగతాది పైవాడి పని."

"మామయ్య ఆ మిషన్‌కు పెట్టే దండం దేవుడికి కూడా పెట్టడు," అంది కౌశల్య. "చూడు సతేన్ భయ్యా, పొద్దున పూలు కోసేది కూడా దానికే."

సతేంద్ర దగ్గర పుస్తకాల్లో చదివిన సూత్రాలన్నీ ఉన్నాయి, ఈ ముసలాయన నమ్మకానికి సరిపోయే సూత్రం ఒక్కటీ లేదు. పైగా ఆ నమ్మకాన్ని మర బిగించి నిలబెట్టింది తనే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. యూనివర్సిటీకి రాస్తే శిక్షణ అక్కడితో ఆగుతుంది. సంతకం లేదు, మైనరు లేదు, లాబ్‌లో ఉద్యోగం లేదు. రాయకపోతే ఏదో ఒకరోజు చెప్పుల చప్పుడు బయటికి రాదు.

దారి ఒకటి దొరికింది. అది దొరికినప్పుడు తన తెలివికి తనే మురిసిపోయాడు. ఏడోవారం చివర ఒక మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు, చెయ్యిని నడిపే రాతలో ఆరు లైన్లు చేర్చాడు. తాళం మూసినట్టే కనిపిస్తుంది. కానీ స్తంభాలకు చూపు వచ్చేసింది. ఎవరు దాటినా చెయ్యి ఆగుతుంది. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు బాలయ్య లోపలికి అడుగు పెట్టగానే చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆయన బిత్తరపోయి వెనక్కొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ ఆగింది. పూలు పెట్టి వెళ్ళాడు. ఆగింది. ఆ షిఫ్టులో పద్నాలుగు సార్లు. ప్రతి ఆగడమూ వేళతో సహా కంప్యూటర్ తెర మీద పడింది, పక్కన ఆ వేళ డ్యూటీలో ఉన్న మనిషి పేరు: బాలయ్య, బాలయ్య, బాలయ్య. నాలుగు రోజులకు ఆ జాబితా రెండు పేజీలైంది. పీటలు సగం నిండి నిలబడ్డాయి. బయట లారీలు హారన్లు కొట్టాయి.

రామ్ లాల్ ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. జాబితా టేబులు మీద పరిచాడు. పక్కనే సతేంద్ర లాగ్‌బుక్కు, చివరి పేజీ తెరిచి ఉంది. మేనేజరు వేళ్ళ మధ్య పెన్ను.

"సతేన్, మిషన్‌లో తప్పుందా?"

"లేదు సర్." అది నిజమే.

"మరి ఆగేది ఎవరి దగ్గర?"

సతేంద్ర జాబితా వైపు చూశాడు. చెప్పవలసిన వాక్యం చిన్నది. నేను రాశాను సర్. మూడు మాటలు. అవి గొంతులోకి వచ్చాయి. పెన్ను కొన కాగితానికి అంగుళం దూరంలో ఉంది. చదువుకున్న చదువంతా ఆ అంగుళంలో ఉంది. అతను మాట్లాడలేదు.

"ముసలితనం," అన్నాడు రామ్ లాల్ మెత్తగా. "అడుగు తడబడుతోంది, తగలకూడనిచోట తగులుతున్నాడు. బాలయ్యా, ఇరవై ఏళ్ళు చేశావు. ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకో. నీ చోటు మీ ఇంట్లోవాళ్ళకే ఇస్తాను, నీ కోడలుంది కదా. కార్డు ఇచ్చి వెళ్ళు."

బాలయ్య మెడలోంచి కార్డు తీసి టేబులు మీద పెట్టాడు. రామ్ లాల్ సంతకం చేశాడు. పైన ఒక వాక్యం కూడా రాశాడు: లైను ఆగిపోవడానికి కారణం కనిపెట్టిన చురుకైన విద్యార్థి.

గేటు దగ్గర బాలయ్య ఆగాడు. "అల్లుడికి నా మీద కోపం ఎందుకు వచ్చింది బాబూ? నా వల్ల ఏం తప్పు అయింది? అంటు ఏమన్నా తగిలిందా?"

"ఏం లేదు మామా," అన్నాడు సతేంద్ర. బస్సు వచ్చింది. బాలయ్య ఎక్కాడు.

తనకు తాను చెప్పుకున్నాడు: మనిషి బతికున్నాడు కదా. ఆ చోటుకు ఎవరొచ్చినా తన ఆరు లైన్లు కాపాడతాయి కదా. ఉద్యోగం పోతే పోయింది, ప్రాణం మిగిలింది. చెప్పుకున్నంతసేపూ బాగానే ఉండేది.

మార్చిలో సెమిస్టరు నడుస్తుండగా లాబ్‌లో ట్రైనీ పోస్టు అతనికే ఇచ్చారు. మైనరు కోర్సులు రెండు మిగిలినా శిక్షణ పూర్తయింది గనక అభ్యంతరం పెట్టలేదు. తెల్లకోటు వచ్చింది. ఒక మంగళవారం పొద్దున, పదిన్నర కావస్తుండగా, లాబ్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు, బాలయ్యకు ఫోను చేశాడు. ఎందుకు చేశాడో అతనికే తెలియదు. మూడు నెలలుగా చెయ్యాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాడు.

బాలయ్య గొంతు హుషారుగా ఉంది. "బాబూ! నీకు పెద్ద పని దొరికింది అని మీ నాన్న చెప్పాడు. ఇక్కడ కూడా బాగే. కౌశల్య నా చోట్లో ఉంది."

"తెలుసు మామా. మిషన్ ఆగుతోందా?"

"లేదు! అదే చెప్తున్నా. మొదట పది దినాలు అల్లుడు ఆమెను కూడా ఆపాడు. తరవాత పైదేశం వాడు ఎవడో కంప్యూటర్ నుంచే మొత్తం కడిగి, మొదటిలాగ పెట్టాడంట. అప్పటినుంచి కౌశల్యను ఒక్కసారి ఆపలేదు. ఒక్కసారి! లోపలికి పోతుంది, వస్తుంది. నాకన్నా చురుకు. రామ్ లాల్ బహుత్ ఖుష్. అల్లుడి కోపం పోయింది బాబూ."

సతేంద్ర కుర్చీలోంచి లేచాడు. ఆరు లైన్లు కళ్ళముందు ఒకటొకటిగా చెరిగిపోయాయి. తాళంచెవి మాత్రం ఇంకా రామ్ లాల్ గుత్తికే ఉంది.

"ఇప్పుడు ఎక్కడుంది ఆమె?"

"డ్యూటీలో. పొద్దున ఆరుకి పోయింది."

"ఫోనుందా?"

"ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో వేస్తారు. నువ్వు ఎరుగుదువు కదా."

"మామా, విను. నిన్ను ఆపింది మిషన్ కాదు. నేను. నువ్వు లోపలికి పోతే ఆగాలని రాశాను. లేకపోతే అది నిన్ను కొట్టేది. ఇప్పుడు ఆ రాత తీసేశారు. అది కౌశల్యను పోనిస్తోంది ఎరిగి కాదు మామా. దానికి ఆమె కనపడదు."

అటువైపు ఎక్కడో కోడి కూసింది.

"నువ్వు ఆపావు," అన్నాడు బాలయ్య.

"అవును."

"మరి ఆ దినం రామ్ లాల్ ముందర నిలబడ్డాం ఇద్దరం. అప్పుడు నీకు నోరు లేదా?"

అవతల చాప మీదనుంచి ముసలి మనిషి లేస్తున్న చప్పుడు, తలుపు చప్పుడు, వీధిలో ఎవరినో "ట్యాక్సీ! ఏ ట్యాక్సీ!" అని పిలుస్తున్న గొంతు. ఫోను కట్ కాలేదు. చేతిలో ఉందన్న సంగతే మరిచినట్టున్నాడు. కాసేపటికి గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు.

సతేంద్ర ఆ ఫోను పెట్టేసి ఫ్యాక్టరీ నంబరు కొట్టాడు. మోగింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కొట్టాడు. రామ్ లాల్ నంబరు కొట్టాడు, అది పలకలేదు. కార్డు లేనివాణ్ణి ఆ గేటు దాటనివ్వరు. బాలయ్య కార్డు ఇచ్చేసి మూడు నెలలైంది. షిఫ్టు దిగేది రెండింటికి. లాబ్ గోడ మీద గడియారంలో పదీ ముప్పై ఎనిమిది.

అతను మళ్ళీ నంబరు కొట్టాడు.